నటనేనని రాసివ్వండి

"తలుపు తియ్యవే. కాలేజీ మానేస్తే మానేశావు, కడుపు మాడ్చుకోవడం ఎందుకు?"

అత్త మూడోసారి తలుపు కొట్టింది. లోపలినుంచి ఉలుకూ పలుకూ లేదు.

వంటగది గుమ్మంలో చిన్ని నిలబడి ఉంది. నలభై మూడేళ్ళొచ్చినా ఇంటా బయటా ఆ పేరు ఆమెను వదల్లేదు. సోమవారం నుంచీ, పెద్దవాళ్ళ సేవకి మనుషుల్ని పంపే ఏజెన్సీ వాళ్ళు డ్యూటీ ఇవ్వడం లేదు. అయినా అలవాటు కొద్దీ పొద్దున ఆరింటికల్లా లేత నీలం కోటు వేసుకుని, జుట్టు ముడి బిగించి, వెళ్ళడానికి ఎక్కడా లేక ఇలా ఏదో ఒక గుమ్మంలో నిలబడుతోంది. ఇవాళ గురువారం.

"మీరుండండి అత్తయ్యా, నేను పిలుస్తాను."

"నువ్వు పిలిస్తే రెండో గడియ కూడా వేసుకుంటుంది."

అది నిజమే.

కూతురు గదిలో కూర్చుని ఇది నాలుగో రోజు. సోమవారం క్లాసులో వెనక బెంచీలోంచి ఎవరో సౌండు పెంచి మరీ ఆ వీడియో పెట్టారట. మొత్తం నలభై సెకన్లు. ఓ గది. మంచం అంచున కూర్చున్న ముసలాయన. నీలం కోటు వేసుకున్న ఆడమనిషి ఎడమచేత్తో ఆయన కాలరు గుప్పిట పట్టి, కుడిచేత్తో తల వెనక ఒక్కటి చరుస్తుంది. ముసలాయన చప్పుడు చెయ్యడు. చూసినవాళ్ళను నిలవనివ్వనిది ఆ చప్పుడు చెయ్యకపోవడమే. కింద ఎవరో రాశారు: ఇంట్లో ఎవరూ లేనప్పుడు కేర్‌టేకర్ చేసే నిర్వాకం ఇదీ, అందరికీ పంపండి.

అందరూ అందరికీ పంపారు.

అది సినిమా ముక్క అని ఒక్కరూ రాయలేదు. ఎవరికి తెలుసు గనక? బీరువా మీద ఫోను పెట్టి తీయడంతో దొంగచాటుగా పట్టినట్టే ఉంది. అలా ఉండాలనే అలా తీశారు. అంత బాగా కుదిరిందని ఆరోజు తీసినవాడూ, ముసలాయనా, చిన్నీ ముగ్గురూ గంతులేశారు.

వీధి తలుపు దగ్గర దగ్గు వినిపించింది. ఎదురింటావిడ. చేతిలో ఖాళీ గిన్నె ఉంది గాని, ఆమె వచ్చింది అప్పు పుచ్చుకోవడానికి కాదని మొహమే చెబుతోంది. చిన్నిని చూసీ చూడనట్టు దాటి, అత్త పక్కకు చేరి గొంతు తగ్గించింది.

"పెద్దమ్మగారూ, ఒక్క మాట. దాచుకోకుండా చెప్పండి. మిమ్మల్ని కూడా..."

"నన్ను కూడా ఏంటి?"

"అదే... చెయ్యి చేసుకుంటుందా?"

అత్త ఆవిడను కిందనుంచి పైదాకా చూసింది. "రోజూ కొడుతుందమ్మా. మాటలతో. నేను నాలుగంటిస్తే అది ఒకటంటిస్తుంది. నా కొడుకు పోయిన దగ్గర్నుంచీ ఇదే మా కాలక్షేపం. నీకు ఇంట్లో పనేం లేకపోతే వచ్చి కూర్చో, మధ్యలో తీర్పు చెబుదువుగాని."

ఎదురింటావిడ గిన్నెతో సహా మాయమైంది.

చిన్నికి నాలుగు రోజుల్లో మొదటిసారి నవ్వు వచ్చేలా ఉంది. పెదవి దాకా వచ్చింది కూడా. అత్త ఇటు తిరిగేసరికి లోపలికి పోయింది.

"పళ్ళికిలించకు. ఆవిడ్ని కడిగేశానని నిన్ను వెనకేసుకొచ్చాననుకుంటున్నావేమో. అసలు నీకేం పోయేకాలమే? పదకొండేళ్ళు ముసలివాళ్ళ మంచాల దగ్గర పడి పనిచేసి సంపాదించుకున్న మంచిపేరు! ఆదివారం ఆదివారం వేషాలు కట్టడానికెళ్ళి ఊడ్చి పారేసుకున్నావు. ఏం తక్కువైందని?"

ఏం తక్కువైందో చిన్ని చెప్పగలదు. చెబితే అత్తకు అర్థం కాదని కాదు, అర్థమైతే బాధపడుతుందని చెప్పలేదు.

అప్పుడు గది తలుపు తెరుచుకుంది.

కూతురి కళ్ళు వాచిపోయి ఉన్నాయి. ఫోను చేతిలోనే ఉంది. నానమ్మను దాటుకుని తిన్నగా తల్లి ఎదుటకు వచ్చింది.

"అమ్మా, ఒకటి అడుగుతాను. అబద్ధం చెప్పకు."

"అడుగు."

"అది యాక్టింగే. నాకు తెలుసు. క్లాసులో అందరితో అదే చెప్పాను, ఒక్కరూ నమ్మలేదు, సరే. కానీ నేను దీన్ని ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. చెయ్యి యాక్టింగే. ఆ మొహం..." ఫోను తల్లి ముందుకు చాపింది. "ఆ మొహం కాదు. నువ్వు డ్యూటీలో ఎప్పుడైనా ఎవర్నైనా కొట్టావా?"

"లేదు."

కానీ ఆ మాట అనడానికి చిన్నికి ఒక్క క్షణం పట్టింది. కూతురికి ఆ ఒక్క క్షణం చాలింది. గదిలోకి తిరిగిపోయి, ఫోను మంచం మీదకు విసిరేసి, మళ్ళీ గడియ వేసుకుంది.

కొట్టలేదు. నిజంగానే ఎవర్నీ కొట్టలేదు. కానీ ఒకసారి చెయ్యి లేచింది. మూడు రాత్రులు నిద్రలేని నాలుగో పొద్దున, మార్చిన పక్కగుడ్డ మళ్ళీ తడిపేసిన పెద్దావిడ మీదికి. లేచిన చెయ్యి అలాగే పట్టుకుని స్నానాలగదిలోకి పరిగెత్తి, కుళాయి తిప్పి, పిడికిలి కొరుక్కుంది. అది ఎవరికీ చెప్పలేదు. ఆ సీనులో చరిచింది ఆ చెయ్యే.

పదిగంటలకు డైరెక్టరు వచ్చాడు.

అతను ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూస్తాడు. ఆ వీధుల్లో అందరూ మీటరు అనే పిలుస్తారు. డైరెక్టరు అని పిలిచేవాళ్ళు ప్రపంచం మొత్తంమీద ఇద్దరే ఉన్నారు, ఒకరు చిన్ని, ఇంకొకరు వీడియోలో ముసలాయన వేషం వేసిన గార్డుగారు. ఇద్దరూ మొదట వేళాకోళానికే అన్నారు. తర్వాత అదే నిలిచిపోయింది.

చెప్పులు బయట విడిచి, లోపలికి రావాలో వద్దో తెలియక గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. గడ్డం మాసిపోయి ఉంది.

"దొరికాయా?" అంది చిన్ని.

అతను తల దించుకున్నాడు.

"నిన్ను అడుగుతున్నాను. ఆ సీను తొమ్మిదిసార్లు తీశాం. నాలుగోసారి గార్డుగారికి తుమ్మొచ్చింది. ఆరోసారి నేను నవ్వాపుకోలేక ఆయన భుజం మీదే పడిపోయాను. వాటిలో ఒక్కటి చూపిస్తే చాలు, ఏజెన్సీ మేడమ్ నోరు మూస్తుంది. ఏవి అవి?"

"లేవక్కా."

"లేవంటే?"

"తర్వాతి వారం మేడమీది సీను తియ్యాలి కదా. ఫోన్లో చోటు లేదు. బాగా వచ్చింది ఒక్కటి ఉంచుకుని మిగతావన్నీ తీసేశాను. రిపేరు షాపుకి వెళ్ళి అడిగాను. రెండు రోజులు వాళ్ళ దగ్గరే పెట్టుకుని చూశారు. రావన్నారు."

చిన్ని కింద కూర్చుండిపోయింది.

"ఆ ఒక్కటీ ఆఫీసులో పక్క సీటువాడికి పంపకుండా ఉండలేకపోయావా?"

"గొప్పకి పంపానక్కా." అతని గొంతులో ఏడుపు వినిపించింది. "రోజుకి నూటయాభై గుమ్మాలెక్కుతాను. మీటరెక్కడంటే చెయ్యి చూపిస్తారు, అంతే. ఒక్కడంటే ఒక్కడు కూర్చోమనడు. నేనూ ఒకటి చేశాను, చూడరా అని చెప్పుకోవాలనిపించింది. వాడు వాళ్ళ కాలనీ గ్రూపులో పెడతాడని నేను కలగన్నానా?"

అత్త కూర తరుగుతూ తరుగుతూ కత్తి ఆపింది. తిడుతుందని ఇద్దరూ ఎదురుచూశారు. "కూర్చో నాయనా, గుమ్మంలో నిలబడకు," అంది. అతను కూర్చుని మోకాళ్ళ మధ్య మొహం పెట్టుకున్నాడు.

ఏడాది కిందట అతనే చిన్నిని పట్టుకున్నాడు. ఆమె డ్యూటీ చేసే ఫ్లాటుకు మీటరు చూడటానికి వచ్చి, మంచంలో ఉన్న పెద్దావిడకు అన్నం తినిపిస్తూ ఆమె నాలుగు గొంతులతో కథ చెప్పడం విని, గుమ్మం దగ్గర ఆగిపోయాడు. అప్పటికే పైఅంతస్తులో గార్డుగారు దొరికి ఉన్నారు అతనికి. ఆయన రిటైరైన రైలు గార్డు. ముప్ఫై నాలుగేళ్ళు బండి చివరి పెట్టెలో ఒంటరిగా కూర్చుని ప్రయాణం చేసిన మనిషి. మీటరు చూడ్డానికి తలుపు తట్టినవాణ్ణి గంటసేపు వదల్లేదు. పాత క్యాలెండరు కాగితాల వెనక ఆయన రాసుకున్న సీన్లు వాళ్ళ సినిమా అయ్యాయి. విరిగిన ఫ్యాను స్టాండు, ఒక ఫోను, డైరెక్టరు అద్దె గది, ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలు. అదే వాళ్ళ స్టూడియో.

మొదటి ఆదివారమే గార్డుగారు కాగితం చేతికిచ్చి, "ఏమ్మా, నువ్వు చెప్పు. ఈ ఆడమనిషి ఇలా మాట్లాడుతుందా?" అని అడిగారు. పదకొండేళ్ళుగా చిన్నిని మందు వేశావా, గుడ్డ మార్చావా అని అడిగినవాళ్ళే గాని, నీకేమనిపిస్తోంది అని అడిగినవాళ్ళు లేరు. ఆమె చాలాసేపు ఆలోచించి, "మాట్లాడదండీ, అంత కోపంలో మాటలు రావు," అంది. ఆయన వెంటనే పెన్ను తీసి ఆ మాటలన్నీ కొట్టేశారు.

తక్కువైంది అదీ. అత్తకు చెప్పలేనిది అదీ.

"నాలుగింటికి ఏజెన్సీకి రమ్మన్నారు," అంది చిన్ని లేస్తూ. "అది నటనేనని గార్డుగారూ, వాళ్ళబ్బాయీ రాసిస్తే మళ్ళీ డ్యూటీ ఇస్తారట. పద, ఒకసారి వాళ్ళింటికి వెళ్ళి అడుగుదాం."

"మూడు రోజుల్నుంచీ ఆయన ఫోను ఆపేసి ఉందక్కా."

"అందుకే పదమంటున్నా."

తలుపు తీసింది గార్డుగారి కొడుకు. బీమా ఆఫీసులో పని. ఇస్త్రీ చొక్కా, మెత్తని గొంతు. కళ్ళకింద మాత్రం నల్లగా గుంటలు పడి ఉన్నాయి. చిన్నిని చూడగానే తలుపు సగానికి మూశాడు.

"రెండు రోజులు సెలవు పెట్టి ఆయన దగ్గరే ఉంటున్నానండీ. నాన్నగారికి ఒంట్లో బాగాలేదు."

"ఒక్క కాగితం మీద సంతకం, బాబూ. అది నటన అని. నా ఉద్యోగం..."

"మా పేర్లు ఎందుకండీ ఇందులో? ఈ సినిమాలూ గట్రా మాకు తెలియకుండా జరిగాయి. ఆయన పెద్దాయన. మీరు పిలిస్తే వచ్చారు, చెయ్యమంటే చేశారు. ఇక వదిలెయ్యండి."

సగం తెరిచిన తలుపులోంచి గార్డుగారు కనిపించారు. గోడవారగా కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఆమెను చూసి లేవబోయారు.

"మీరు కూర్చోండి నాన్నా." కొడుకు రెండడుగులు వెనక్కి వేసి, మడతపడ్డ ఆయన కాలరు సరిచెయ్యడానికి ఎడమచెయ్యి చాపాడు. సరిచెయ్యడానికే.

ఆ చెయ్యి కాలరు తాకగానే గార్డుగారి తల గభాలున ముందుకు వంగింది. మెడ భుజాల్లోకి కుంచించుకుపోయింది. కళ్ళు మూసుకున్నాయి.

క్షణంలో సర్దుకున్నారు. కానీ ఒంటిని చూసి మనసు చదవడమే చిన్ని పని.

రిహార్సలు రోజు ఆమె చెంపమీద కొట్టబోతే ఆయన ఆపారు. "అలా కాదమ్మా. ముందు ఎడమచేత్తో కాలరు. కొట్టేది తల వెనక. అక్కడైతే మచ్చ కనపడదు." ఎంత బాగా ఊహించారో అనుకుంది ఆమె ఆరోజు. డైరెక్టరు చప్పట్లు కూడా కొట్టాడు.

కొడుకు తల తిప్పి చూసేసరికి చిన్ని కళ్ళు అతని ఎడమచేతి మీద ఉన్నాయి. ఇద్దరి చూపులూ కలుసుకున్నాయి. అతను మెల్లగా, మర్యాదగా తలుపు మూసేశాడు.

మెట్లమీద డైరెక్టరు ఆమె వెంట పరిగెత్తాడు. "చూశావా అక్కా? చూశావా? వాడే! అందుకే సంతకం పెట్టడు. పెడితే ఆ సీను ఎవరు రాశారని అడుగుతారని వాడి భయం. నాలుగింటికి ఇదే చెప్పు. నువ్వు బయటపడతావు."

"ఆయన?"

"ఆయనేంటి?"

"నేను చెప్పేసి నా ఇంటికి వెళ్తాను. ఆయన ఎవరింటికి వెళ్ళాలి?"

డైరెక్టరు మెట్టు మీద ఆగిపోయాడు.

"చెప్పు డైరెక్టరూ. ఆ తలుపు మళ్ళీ మూసుకున్నాక లోపల ఎవరుంటారు? నువ్వుంటావా, నేనుంటానా?"

"మరి నీ సంగతి?" అని అరిచాడు అతను. కింది అంతస్తులో ఎవరో తలుపు తీసి చూశారు. "పిల్ల మొహం చూశావా పొద్దున? నువ్వు కొట్టలేదని ఈ ఊళ్ళో నమ్మేవాళ్ళు ఎంతమంది? మీ అత్తగారు, నేను. అంతే!"

చిన్ని మిగిలిన మెట్లు దిగిపోయింది.

ఏజెన్సీ ఆఫీసు మందుల షాపు పైన ఉంది. ఇరుకు మెట్లు, ఆరు ప్లాస్టిక్ కుర్చీలు, గోడకు వరసగా తగిలించిన నీలం కోట్లు. మేడమ్ ఒకప్పుడు తనే మంచాల దగ్గర పనిచేసి పైకొచ్చిన మనిషి. చెడ్డది కాదు. కానీ నాలుగు రోజులుగా ఫోను మోగుతూనే ఉంది, ఆవిడ కళ్ళు దానిమీదే ఉన్నాయి.

అత్త పిలవకుండానే వచ్చింది. "నేనూ ముసలిదాన్నే కదా, నన్నూ అడగండి," అని కుర్చీ లాక్కుని కూర్చుంది. డైరెక్టరు గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

పది నిమిషాలకు గార్డుగారు వచ్చారు, కొడుకు చెయ్యి పట్టుకుని. మేడమే కొడుకు నంబరుకి ఫోను చేసి రప్పించింది. ఆయన చిన్ని వైపు చూడలేదు.

"సార్, మీరు ఒక్క ముక్క రాసివ్వండి, అయిపోతుంది," అంది మేడమ్.

కొడుకు గొంతు సవరించుకున్నాడు. "నాన్నగారికి మతిమరుపు మేడమ్. ఆయన రాసినా చెల్లదు. నేనొక మాట చెప్తాను. ఆవిడ చెయ్యి చేసుకున్నానని, తప్పయిపోయిందని రాసిస్తే మేం పోలీసుల దాకా వెళ్ళం. ఇంతటితో వదిలేస్తాం."

డైరెక్టరు ఒక్క ఉదుటున ముందుకొచ్చాడు. చిన్ని చెయ్యి అడ్డం పెట్టి ఆపింది.

ఆ కొడుకేం చేస్తున్నాడో ఆమెకు తెలుస్తోంది. కొట్టినది ఆమే అయితే, ఇక ఎవరు కొట్టారని ఎవరూ అడగరు. ఆ ఇంటి తలుపు ఎవరూ తట్టరు. ఆమె రాయనంటే, ఎందుకు రాయదో చెప్పాలి. చెబితే, సాయంత్రం ఆ ముసలాయన ఆ చెయ్యి పట్టుకునే ఇంటికి వెళ్ళాలి.

మేడమ్ కాగితం ముందుకు జరిపింది. "ఇష్టం నీది చిన్నీ. రాస్తే నా దగ్గర మళ్ళీ పని ఉండదు. రాయకపోతే వాళ్ళు కేసు పెడతారు."

చిన్ని పెన్ను తీసుకుంది.

"రాశావంటే గుమ్మం తొక్కనివ్వను!" అంది అత్త. "విన్నావా? నీ కూతురి మొహం ఎలా చూస్తావే? కొట్టని దెబ్బకి..."

"అత్తయ్యా, ఒక్క నిమిషం ఆగండి."

"ఆగను!"

"ఆవిడ నన్ను కొట్టలేదు."

ఆ మాటన్నది గార్డుగారు. ఫోను మోగుతోంది. మేడమ్ దాన్ని బోర్లా తిప్పింది.

"నాన్నా, మనం ఇంటికి..."

"నాకు మతిమరుపు లేదమ్మా," ఆయన మేడమ్‌తో అన్నారు, నేల చూస్తూనే. "ముప్ఫై నాలుగేళ్ళు ఏ స్టేషన్లో బండి ఎన్ని నిమిషాలు ఆగిందో రాసిన చెయ్యి ఇది. ఆ సీను రాసింది నేను. ఊహించి రాయలేదు. జరిగింది రాశాను."

ఎవరు అని మేడమ్ అడగలేదు. అడగాల్సిన పని లేకపోయింది. కొడుకు మొహంలో నెత్తురు చుక్క లేదు. ఎవరూ ఏమీ అడగకుండానే అతను మాట్లాడాడు.

"ఆఫీసునుంచి వచ్చేసరికి గ్యాసు తెరిచి వదిలేసి ఉంటుంది. రాత్రి రెండింటికి లేచి డ్యూటీకి టైమైందని తలుపు తీసుకుని పోతారు. మూడేళ్ళయింది నేను సరిగ్గా పడుకుని. మా ఆవిడ భరించలేక పుట్టింట్లో ఉంటోంది." తన ఎడమచెయ్యి చూసుకున్నాడు. "రెండుసార్లు. రెండే రెండుసార్లు. అదీ..."

"ఏడు," అన్నారు గార్డుగారు.

కొడుకు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

వాణ్ణి అసహ్యించుకోవాలని చిన్ని ప్రయత్నించింది. కుళాయి చప్పుడు చెవుల్లో మోగింది. పిడికిలి మీద పళ్ళ గాట్లు గుర్తొచ్చాయి. తనకు పారిపోవడానికి ఓ స్నానాలగది దొరికింది, డ్యూటీ అయిపోగానే మార్చుకోవడానికి ఇంకో మనిషి దొరికింది. ఇతనికి ఎవరూ దొరకలేదు. అయినా ఏడు ఏడే. ఆ ముసలాయన మెడ భుజాల్లోకి కుంచించుకుపోవడం ఆమె కళ్ళారా చూసింది.

మేడమ్ తేరుకుంది. పాత కాగితం చింపేసి, కొత్తది తీసి గార్డుగారి ముందు పెట్టింది. "సార్, మీరిప్పుడు చెప్పింది ఇందులో రాయండి. ఆవిడ కొట్టలేదని, ఎవరు కొట్టారో కూడా. అది ఉంటే నేను రేపే చిన్నికి డ్యూటీ ఇస్తాను."

గార్డుగారు పెన్ను పట్టుకున్నారు. మొదటి వాక్యం చక్కగా రాశారు. రెండో వాక్యం దగ్గర ఆగిపోయారు.

"వాడి పేరు రాయాలా?"

"రాయాలి సార్. మొదటి వాక్యం ఒక్కటే చూపిస్తే, మతిమరుపు మనిషి రాశాడంటారు. మీ అబ్బాయే ఇందాక అన్నాడు కదా."

ఆయన పెన్నుకు మూతపెట్టి టేబులు మీద ఉంచారు.

"చిన్నీ, నన్ను క్షమించమ్మా. నోటితో అనగలిగాను. రాయలేను. ఆ పేరు పెట్టింది నేనే."

లేచి, కొడుకు భుజం తట్టారు. "పదరా."

గుమ్మం దగ్గర ఆగి, అప్పటికి ఆమె వైపు చూశారు. "ఆదివారం షూటింగుకి నేను రాకపోతే మీరే రండి. తలుపు తియ్యకపోయినా వెళ్ళిపోకండి."

మెట్లమీద అడుగుల చప్పుడు దిగిపోయింది.

"ఇక్కడ విన్నది నేను నమ్మాను చిన్నీ," అంది మేడమ్ నీరసంగా. "కానీ ఫోను చేసేవాళ్ళకి ఏం చూపించను? కాగితం లేకుండా నిన్ను ఎవరింటికీ పంపలేను."

"మూడు రోజులుంది ఆదివారానికి," అన్నాడు డైరెక్టరు.

"రోజులు కాదు నాయనా," అంది అత్త. "మూడు రాత్రులు. అవి లెక్కపెట్టు."

చిన్ని అప్పటికే మెట్లమీద ఉంది.

కింద ఆటో ఆగి ఉంది. గార్డుగారు లోపల కూర్చున్నారు. కొడుకు ఎక్కబోతున్నాడు. మందుల షాపు ముందు నిలబడ్డవాళ్ళలో ఒకతను నీలం కోటు చూసి, పక్కవాణ్ణి మోచేత్తో పొడిచాడు. ఇద్దరూ ఫోన్లు పైకెత్తారు.

"బాబూ!"

అతను వెనక్కి తిరిగాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"రాత్రి డ్యూటీకి నేనొస్తాను. ఏజెన్సీ తరఫున కాదు. జీతం గురించి తర్వాత మాట్లాడుకుందాం. మీరు వేరే గదిలో పడుకోండి. ఆయన దగ్గర నేను కూర్చుంటాను. రెండింటికి ఆయన లేచి తలుపు తీస్తే నేను చూసుకుంటాను. మీరు లేవొద్దు."

"మీరా?" అతను ఎత్తిన ఫోన్ల వైపు చూశాడు. "ఈ వీడియో చూసినవాళ్ళు... మిమ్మల్నే మా ఇంట్లోకి... జనం ఏమంటారు?"

"నన్ను అనడానికి ఇంకా ఏం మిగిలింది బాబూ? మిమ్మల్ని ఇంకా ఎవరూ ఏమీ అనలేదు. అనకముందే పడుకోండి."

ఆటోలో గార్డుగారు కొంచెం పక్కకు జరిగారు. ఒక మనిషి కూర్చునేంత.

కొడుకు ఆటో కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు, ఎడమచేత్తో. బండి ఎక్కడు, కమ్మీ వదలడు. డ్రైవరు రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

"ఎంతమందండీ?" అన్నాడు మూడోసారి తిరిగి. "ఇద్దరా, ముగ్గురా?"